లెక్కలు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టేనా? ఉద్యోగం మానే ముందు ఒక ప్రశ్న

నల్లగండ్ల సిస్టర్

అందరికీ వందనాలు. విషయం కాస్త పెద్దది, ఓపికగా చదవండి.

నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. తెల్లాపూర్ దాటాక కడుతున్న టవర్ల వెనక రేకుల షెడ్ల లేబర్ క్యాంపు ఒకటుంది. ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి, మన పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలు. మా సంఘంలోని ఇద్దరు అక్కలతో కలిసి శనివారాలు అక్కడి పిల్లలకి అక్షరాలు, కూడికలు చెబుతున్నాం. ముప్పై మంది దాకా వస్తారు. వారానికి ఒక్కరోజు చెబితే మళ్ళీ శనివారానికి సగం మర్చిపోయి ఉంటారు. రోజూ చెప్పాలి. రోజూ చెప్పాలంటే నేను ఉద్యోగం మానాలి. ఈ భారం నా మనసులో చాలాకాలంగా ఉంది.

ఇంటి లోన్ ఈఎంఐ నా జీతంలోంచి కడతాం. మా వారు ప్రైవేట్ కాలేజీలో లెక్చరర్, ఆయన జీతంతో ఇల్లు గడుస్తుంది, అత్తగారి మందులు కూడా అందులోనే. మానేస్తే ఎన్నాళ్ళు నెట్టుకురాగలం, ఏ ఖర్చు తగ్గించుకోవాలి అని ఎక్సెల్ షీట్ ఒకటి వేసుకున్నాను. కూడిక అయ్యాక యవ్వనస్తుల లీడర్ బ్రదర్‌కి చూపిస్తే నవ్వి, "ఇందులో దేవుడికి ఒక కాలమ్ పెట్టారా సిస్టర్?" అన్నారు. యేసు దగ్గరికి నీళ్ళ మీద నడవడానికి పేతురు పడవ దిగేముందు లోతు కొలుచుకోలేదట. పైగా కొత్త సంవత్సరం ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డు (ఏడాదికి ఒక బైబిల్ వాక్యం రాసిచ్చే చీటీ) యెహోషువ 1:9, నిబ్బరంగా ధైర్యంగా ఉండమని. "ఇంకేం కన్ఫర్మేషన్ కావాలి?" అంటున్నారు.

ఆ కాలమ్ మాట నా బుర్రలోంచి పోవట్లేదు. లెక్క చూసుకోవడం నిజంగా అవిశ్వాసమేనా? "ప్రార్థన చేయండి సిస్టర్" అని మాత్రం దయచేసి రాయకండి. అది చేస్తూనే ఉన్నాను.

చిలకలగూడ తమ్ముడు

ప్రైజ్ ది లార్డ్ అక్కా. దూకెయ్యండి. యొర్దాను నది ముందే ఆగిపోయి దారివ్వలేదు. యాజకుల కాళ్ళు నీళ్ళలో మునిగాకే ఆగింది (యెహోషువ 3). ఒడ్డున నిలబడి ఎదురుచూసి ఉంటే ఇప్పటికీ అక్కడే ఉండేవాళ్ళు.

లెక్కల మాస్టారు

తమ్ముడూ, ఆ యాజకులకి ఏం మోసుకెళ్ళాలో, ఎక్కడ నిలబడాలో ముందే చెప్పారు. ఆజ్ఞ ఉంది. ఆజ్ఞ ఉన్నచోట లెక్కలు తీస్తే అది తప్పించుకోవడమే, ఒప్పుకుంటాను. ఆజ్ఞ లేనిచోట దూకితే ఏమవుతుందో సంఖ్యాకాండం 14లో ఉంది. వేగులవాళ్ళు చెప్పింది విని జనం హడలిపోయి, కనానులోకి అడుగుపెట్టం అన్నారు. దేవుడు కోప్పడ్డాడు. తెల్లారేసరికి వాళ్ళకే పౌరుషం పుట్టుకొచ్చి, ఇదిగో వెళ్తాం అని కొండెక్కారు. మోషే వద్దన్నాడు. మందసం పాళెంలోంచి కదల్లేదు. అయినా వెళ్ళారు, శత్రువులు హోర్మా దాకా తరిమి కొట్టారు. అదే జనం, అదే దేశం, మధ్యలో ఒక్క రాత్రి తేడా.

పేతురు లోతు కొలవలేదు, నిజమే. కానీ "నువ్వే అయితే నన్ను రమ్మను" అని అడిగాడు, "రా" అన్నాక దిగాడు. మిగతా పదకొండు మందినీ నీళ్ళలోకి లాగలేదు.

ఇక వాగ్దాన కార్డు. మా సంఘంలో ఆ కార్డులు కత్తిరించే పని ఏటా నాదే. ఏడుపు వచ్చే వాక్యాలు ఎవరూ వేయరు, ధైర్యం చెప్పేవే వేస్తాం. ప్రోత్సాహంగా బైబిల్లో పెట్టుకోండమ్మా. రాజీనామా లెటర్‌కి జతచేయకండి.

చిలకలగూడ తమ్ముడు

మాస్టారూ, అలాగైతే ఈ రోజుల్లో ఆజ్ఞ ఎవరికొస్తుంది? ఆకాశం నుంచి స్వరం వినిపించేదాకా ఎవరూ కదలొద్దా? యోనాతానుకి ఏ ఆజ్ఞా రాలేదు. దేవుడు మన తరఫున ఏమైనా చేస్తాడేమో, పద వెళ్దాం అన్నాడు. వెళ్ళాడు. అంతే. ఎక్కువమందితోనైనా కొద్దిమందితోనైనా రక్షించడానికి దేవుడికి అడ్డమేముంది అని కూడా అన్నాడు. ఆ మాట మీద మీరేమంటారు?

మెట్టుగూడ రైలుబండి

యోనాతానుని తీసుకొచ్చావు కాబట్టి ఆ అధ్యాయం (1 సమూయేలు 14) కాస్త తీరిగ్గా చూద్దాం. నాకు చాలా ఇష్టమైన చోటు అది.

సౌలు దగ్గర ఆరువందల మంది దాకా ఉన్నారు. యోనాతాను రాజు కొడుకు. అడిగితే కొందరైనా వెంట వచ్చేవాళ్ళు. ఒక్క సిపాయినీ తీసుకెళ్ళలేదు, తండ్రికి చెప్పలేదు కూడా (ఈ చివరి సంగతి మా అమ్మకి అస్సలు నచ్చదు). పోతే తన ప్రాణం, తన ఆయుధాలు మోసే కుర్రవాడి ప్రాణం. ఆ కుర్రవాడు కూడా బలవంతాన రాలేదు. నీ మనసులో ఉన్నదంతా చెయ్యి, నేను నీతోనే ఉన్నాను అని వాడే అన్నాడు. అప్పుడు కూడా కళ్ళు మూసుకుని ఎక్కలేదు. కాపలావాళ్ళు "అక్కడే ఆగండి, మేమొస్తాం" అంటే ఆగుదాం, "ఎక్కి రండి" అంటే ఎక్కుదాం అని ముందే అనుకున్నారు. ఎక్కి రమ్మన్నాకే చేతులతో, కాళ్ళతో పాకుతూ ఎక్కారు.

నేను ఇందులో చూసేది ఒక్కటే. యోనాతాను పణంగా పెట్టింది తనది. తన వాటా దాటి ఎవరిదీ పెట్టలేదు. సిస్టర్ వాళ్ళింట్లో ఈఎంఐ ఇద్దరిదీ, మందులు అత్తగారివి. షీట్‌లో దేవుడి కాలమ్ సంగతి తర్వాత చూద్దాం. ఆ కుర్రవాడు అన్న మాట మీవారు మీతో అన్నారా సిస్టర్?

నల్లగండ్ల సిస్టర్

అనలేదు బ్రదర్. "నీ ఇష్టం" అన్నారు.

కూకట్‌పల్లి వదిన

అయితే వద్దనే. మా ఇంట్లో కూడా అంతే.

గోల్కొండ క్రాస్‌రోడ్స్

అందరూ ఒకవైపే లాగుతున్నారు కాబట్టి రెండోవైపు నేను పట్టుకుంటాను.

మాది హెబ్రోను (భక్త సింగ్ గారి ప్రార్థనా మందిరం) పక్క సందు. భక్త సింగ్ గారి గురించి ఈ ఊళ్ళో తెలియని విశ్వాసి ఉండరు. పంజాబ్ సిక్కు కుటుంబం, 1903లో పుట్టారు, ఇంగ్లండ్, కెనడాల్లో ఇంజనీరింగ్ చదివారు. 1933లో తిరిగొచ్చినప్పుడు తల్లిదండ్రులు బొంబాయి వచ్చి, నీ నమ్మకం నీ దగ్గరే ఉంచుకో, కుటుంబం పరువు కాపాడు అని బతిమాలారు. ఒప్పుకోలేదు. వాళ్ళు ఆయన్ని అక్కడే వదిలి వెళ్ళిపోయారు. ఆ తర్వాత 2000 సెప్టెంబర్‌లో ఇదే హైదరాబాద్‌లో కన్నుమూసేదాకా నెల జీతం అనేది లేకుండానే బతికారు. ముషీరాబాద్‌లో పరిశుద్ధ సమావేశాలప్పుడు వేలమందికి భోజనాలు పెట్టేవాళ్ళు. మా నాయనమ్మ ఆ వంటశాలలో ఉల్లిపాయలు తరిగింది. రేపటి బియ్యం సంగతి ఇవాళ మోకాళ్ళ మీద అడిగేవాళ్ళట. ఊరంతా చందాలు అడుక్కునే అలవాటు లేదు.

ఇప్పుడు మనం ప్రతిదానికీ అధ్యాయం మొత్తం చదువుదాం, సందర్భం చూద్దాం అంటాం. బాగానే ఉంటుంది. కానీ అలా చూసీ చూసీ ముసలివాళ్ళం అయిపోయిన సంఘాలు నాకు చాలా తెలుసు. సిస్టర్, మీకు భయం వేస్తే వేస్తుందని చెప్పండి. దానికి జ్ఞానం అని పేరు పెట్టకండి.

నారాయణగూడ నోట్‌బుక్

క్రాస్‌రోడ్స్ అన్నా, చివరి రెండు వాక్యాలు నాకే తగిలాయి.

అయినా ఎజ్రానీ నెహెమ్యానీ పక్కపక్కన పెట్టి చూడండి. అదే పర్షియా రాజ్యం, అదే యెరూషలేము దారి, అదే దోపిడీ దొంగల భయం. ఎజ్రా (8వ అధ్యాయం) రాజుని సైనికుల్ని అడగలేదు, అడగడానికి సిగ్గుపడ్డాడు. మా దేవుణ్ణి ఆశ్రయించినవాళ్ళకి ఆయన తోడుంటాడని అప్పటికే రాజుతో చెప్పేశాడు మరి. (మాట తొందరపడి ఇరుక్కున్నాడేమో అని నాకు అప్పుడప్పుడు అనుమానం.) అహవా నది దగ్గర ఉపవాసం ఉండి, పిల్లాపాపలతో, దేవాలయపు వెండి బంగారాలతో, కాపలా లేకుండా బయల్దేరాడు. నెహెమ్యా (2వ అధ్యాయం) ఇందుకు పూర్తిగా భిన్నం. నది అవతలి అధికారులకి ఉత్తరాలు అడిగాడు, అడవి కాసే ఆసాపుకి కలప కోసం ఇంకో ఉత్తరం అడిగాడు, రాజు పంపిన సేనాపతుల్నీ గుర్రపు రౌతుల్నీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఊరు చేరాక రాత్రిపూట కొద్దిమందితో వెళ్ళి గోడలు ఎక్కడెక్కడ కూలాయో చూసుకున్నాకే నోరు విప్పాడు. ఇద్దరిలో ఎవరి విశ్వాసం తక్కువ? బైబిల్ ఆ ప్రశ్నే వేయదు. దేవుడి చెయ్యి నాకు తోడుగా ఉంది అని ఇద్దరూ రాసుకున్నారు.

ఇంకో సంగతి మనం ప్రసంగాల్లో వదిలేస్తాం. సైనికులు వద్దన్న ఆ ఎజ్రాయే బయల్దేరే ముందు వెండి బంగారాల్ని తూకం వేసి, పన్నెండుమంది యాజకుల చేతికి అప్పగించాడు. యెరూషలేము చేరాక నాలుగో రోజున మళ్ళీ తూకం వేయించి, లెక్క ప్రకారం, బరువు ప్రకారం అంతా రాయించాడు. దారిలో తన ప్రాణానికి కాపలా అక్కర్లేదన్న మనిషి పరాయి సొమ్ముకి రెండుచోట్ల తూకం పెట్టాడు. సిస్టర్, మీ షీట్ దాచిపెట్టకండి.

లెక్కల మాస్టారు

భేష్. దీనికి తోడు జార్జ్ ముల్లర్. బ్రిస్టల్‌లో 1836లో అనాథ పిల్లల ఇల్లు మొదలుపెట్టినప్పటి నుంచి ఏ మనిషినీ డబ్బు అడగలేదని అందరం చెప్పుకుంటాం. అప్పు మీద సరుకు తెచ్చేవాడు కాదనీ, ఏటా జమాఖర్చులు అచ్చువేసి అందరికీ పంచేవాడనీ చెప్పుకోం. ముల్లర్ భార్యకి అన్నయ్య అయిన గ్రోవ్స్ వెంట అదే 1836లో ఇండియా వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరే ఆ తర్వాత మన నరసాపురంలో పని మొదలుపెట్టారు. ఏ సంస్థ జీతమూ లేకుండానే వచ్చారు, క్రాస్‌రోడ్స్ బాబు, నీ వాదనకే బలం. తీసుకో.

అడ్మిన్

చర్చ బాగుంది. ఒక్క మనవి: ఇప్పుడున్న సంఘాల పేర్లు, అయ్యగార్ల పేర్లు పెట్టి ఎవరినీ తిట్టొద్దు. రెండు పోస్టులు తీసేశాను. తీసేసిన వాళ్ళకి ఎందుకో తెలుసు.

పక్కింటి పాఠకుడు

నేను క్రైస్తవుణ్ణి కాదు. తెల్లాపూర్ వైపే ఉంటాను, గూగుల్లో ఏదో వెతుకుతుంటే ఈ పేజీ వచ్చింది. మీ విశ్వాసం సంగతి నాకు తెలియదు గానీ రెండు అడగాలనిపించింది. ఆర్నెల్ల తర్వాత డబ్బు అయిపోయి మీరు మళ్ళీ ఉద్యోగంలో చేరితే, రోజూ బడికి అలవాటుపడ్డ ఆ పిల్లల సంగతేంటి? ఇంకోటి, అక్కడ చెప్పేది చదువా, మతమా? మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ రెండో ప్రశ్న తప్పకుండా వస్తుంది. అందుకని ముందే అడుగుతున్నా. తప్పుగా అనుకోకండి.

చిలకలగూడ తమ్ముడు

మొదటి ప్రశ్నకి జవాబు: పిలిచినవాడే పోషిస్తాడు. రెండోది అడిగే హక్కు మీకు లేదు.

మెట్టుగూడ రైలుబండి

తమ్ముడూ, రెండూ అడగాల్సినవే. మొదటిది నేనే అడగాల్సింది. తెగించేది మనం, దెబ్బ తగిలేది పిల్లలకైతే దాన్ని విశ్వాసపు అడుగు అనడానికి నాకు నోరు రాదు.

ఒంగోలు నుంచి వచ్చినవాణ్ణి

రెండో ప్రశ్నకి మా ఊళ్ళో ఒక పాత జవాబుంది. కొంచెం పొడుగు, కూర్చోండి.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఏళ్ళ తరబడి పనిచేసినా పట్టుమని పదిమంది లేరు. 1853లో మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్‌కి చెందిన జ్యూయెట్ దంపతులు, వాళ్ళతో పాటు జూలియా అనే తెలుగు విశ్వాసురాలు, ఇంకొందరు కలిసి ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. ఇప్పటికీ అది మాకు ప్రార్థన కొండే. ఆ మనిషి వెంటనే రాలేదు. పన్నెండేళ్ళ తర్వాత, 1866లో జాన్ క్లౌ ఒంగోలులో దిగాడు. కుర్రతనంలో భూమి సర్వే పని నేర్చుకున్నవాడు. ఆ చదువు తర్వాత ఎంత పనికొచ్చిందో చూడండి.

1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. జనం ఆకలితో రాలిపోతున్నారు. క్లౌ ఊరికే గంజి పోయలేదు. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ ముక్క తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. వచ్చినవాళ్ళకి పలుగు, పార ఇచ్చి, పనికి కూలి ఇచ్చాడు. బోధకుల్ని మేస్త్రీలుగా పెట్టాడు. ఎక్కువమంది మాదిగలు. మిగతాచోట్ల వాళ్ళని కసిరి తరిమేసేవాళ్ళు, ఇక్కడ చేసిన పనికి చేతిలో డబ్బు పడింది. మిషనరీ అయ్యుండి మట్టిపనికి టెండరు పట్టడం కంటే తెగింపు ఏముంటుంది? కానీ ఆ తెగింపు అంతా సర్వే గొలుసుతో కొలిచిన తెగింపే.

పాఠకుడు గారూ, మీ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. ఆ కాలువ గట్టు మీద బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. కరువు సాయం నడిచినంతకాలం క్లౌ ఇవ్వనన్నాడు. అన్నం కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తేలకుండా ముంచను అన్నది ఆయన పట్టు. సాయం డబ్బు అయిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందరికీ గుర్తున్నది ఆ అంకె ఒక్కటే. అంతకుముందు నెలల తరబడి వద్దన్న ధైర్యం నాకు ఇంకా పెద్దదిగా అనిపిస్తుంది.

మెదక్ చర్చి కథ కూడా కరువు పనే, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ. అది మెదక్ వాళ్ళెవరైనా రాయండి.

పక్కింటి పాఠకుడు

ఇది తెలియదు. థాంక్స్. అయితే సిస్టర్, మీరు కూడా ఆ తేడా పాటిస్తే మా గ్రూపులో నేనే మాట్లాడతాను.

నల్లగండ్ల సిస్టర్

అక్షరాలు, లెక్కలు, గోళ్ళు తీయడం, చేతులు కడిగించడం. ఇంతే సార్. ఎవరికోసం చేస్తున్నావని ఎవరైనా అడిగితే చెబుతాను, దాచను. పిల్లల చేత ఏదీ చెప్పించను.

ఉద్యోగం నచ్చక మానేస్తున్నానేమో అని ఒకరు ప్రైవేట్ మెసేజ్‌లో అడిగారు. కాదు, ఉద్యోగం బాగుంది, టీమ్ బాగుంది. అందుకే కష్టంగా ఉంది.

కాగితాలాయన

నేను మతం మాట్లాడను, కాగితాలు మాట్లాడతాను. సాయంత్రం చదువు చెప్పడం వేరు, పిల్లల్ని ఉంచుకోవడం వేరు. తల్లిదండ్రులు ఊరెళ్తూ "నాలుగు రోజులు చూసుకోండి" అంటే ప్రేమకొద్దీ రాత్రి ఉంచుకోవద్దు. పిల్లల వసతి నడిపితే జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 41 కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. విదేశాల్లో ఉన్న ఫ్రెండ్స్ పంపే డబ్బు మీ సొంత అకౌంట్లో వేయించుకుని ఈ పనికి వాడకండి, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) చిక్కులున్నాయి.

అసలు మీరు కొత్త బడి పెట్టేముందు, ఆ పిల్లల్ని సర్కారు బడిలో ఎందుకు వేయకూడదు? విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని అడ్మిషన్ కాదనకూడదు. వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.

బొల్లారం అమ్మమ్మ

మనవరాలు టైపు చేస్తోంది, తప్పులుంటే దానివి.

అమ్మాయ్, నువ్వు రాసింది రెండుసార్లు చదివించుకున్నా. ఉద్యోగం మానాలా వద్దా అని ఇంతమంది ఇంత రాశారు. ఒక్కరూ అడగని మాట నేను అడుగుతా. ఆ క్యాంపు మేస్త్రీతో ఎప్పుడైనా మాట్లాడావా? బడి పెద్దసారుని కలిశావా? ఎర్రటి ఎండలో పన్నెండేళ్ళ పిల్ల ఇసుక మోస్తుంటే, ఇదేం పని అని ఆ కంపెనీ వాళ్ళ ఆఫీసులో అడిగావా? నేను నర్సుగా చేసినదాన్ని, నాకు తెలుసు. జీతం వదులుకోవడం సులువు. కుర్చీలో కూర్చున్న మనిషి ముందు నిలబడి నోరు తెరవడానికే కాళ్ళు వణుకుతాయి.

పేతురునీ యోహానునీ బెదిరించి వదిలేశాక సంఘమంతా కూడి ఏం అడిగింది? ఇళ్ళు కాపాడమని అడగలేదు, ఆ బెదిరించినవాళ్ళని చంపమనీ అడగలేదు. బెదిరింపులు చూడు తండ్రీ, మాకు మాట్లాడే ధైర్యం ఇవ్వు అని అడిగింది (అపొస్తలుల కార్యములు 4). నీకు రావలసిన ధైర్యం అది. దానికి ఏ ఈఎంఐ అడ్డం?

గోల్కొండ క్రాస్‌రోడ్స్

అమ్మమ్మగారూ, మీకు వెయ్యి వందనాలు. నేను చెప్పాలనుకున్నది ఇదే, చెప్పడం రాలేదు.

నల్లగండ్ల సిస్టర్

అమ్మమ్మగారూ, మాట్లాడలేదు. మేస్త్రీ కనబడితే మేం ముగ్గురం పక్కదారిలో వెళ్తాం. క్యాంపులోకి రానివ్వడేమో అని భయం. పని చేసే పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు, చూస్తూనే ఉన్నాం.

కూకట్‌పల్లి వదిన

మేస్త్రీ దగ్గరికి ఒంటరిగా వెళ్ళకండి. నేనొస్తాను, నాకు ఒడియా వచ్చు. పెళ్ళికి ముందు రూర్కెలాలో పెరిగాను. గొడవ ముదిరితే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. అయితే ముందే పోలీసు, ఫోన్ నంబర్లు అనకండి. మాటతో మొదలుపెడదాం.

చిలకలగూడ తమ్ముడు

నేను కూడా వస్తా. మాట్లాడను, ఊరికే నిలబడతా.

మెట్టుగూడ రైలుబండి

ఆయుధాలు మోసేవాడు దొరికాడు.

నల్లగండ్ల సిస్టర్

చాలామంది అడిగారు కాబట్టి అప్‌డేట్ పెడుతున్నాను.

బడికి ముందు వెళ్ళాం. పెద్దసారు మొదట ఆధార్ అన్నారు. కాగితాలాయన చెప్పిన విద్యాహక్కు చట్టం ప్రింటవుట్ ఇచ్చాను, చదివి ఏమీ అనలేదు. ఆరు నుంచి పదేళ్ళ లోపు వాళ్ళని తీసుకురమ్మన్నారు. ఒడియా తప్ప రాని పిల్లల్ని ఏం చేయాలో ఆయనకీ తెలియదు, మాకూ తెలియదు. వదిన ఒక మధ్యాహ్నం వచ్చి కూర్చుంటానన్నారు.

మేస్త్రీ మేం అనుకున్నంత రాక్షసుడు కాదు, అనుకున్నంత మంచివాడూ కాదు. పనిలో ఉన్న పిల్లల సంగతి ఎత్తగానే "వాళ్ళు సాయం చేస్తున్నారంతే" అని గొంతు పెంచాడు. వదిన ఒడియాలో ఏదో అన్నారు, తగ్గాడు. ఏమన్నారో నాకు చెప్పట్లేదు. తర్వాత ఒక మాట చెప్పాడు, అది మాకు తట్టనే లేదు. పదేళ్ళు దాటిన ఆడపిల్లలు బడికి రాకపోవడానికి కారణం పని కాదు, చంటిపిల్లలు. తల్లులు సెంట్రింగ్ పనికి వెళ్తే తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చూసుకునేది వీళ్ళే. నేను ఉద్యోగం మానేసి రోజూ వెళ్ళినా ఆ పిల్లలు వచ్చేవాళ్ళు కాదు.

మావారు కూడా వచ్చారు. పిలవలేదు, బండి తీశారు. దారిలో ఉద్యోగం ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది ఇంకా తేలలేదు.

కాగితాలాయన

చంటిపిల్లలకి గది పెట్టాల్సింది మీరు కాదు. యాభై మందికి మించి ఆడకూలీలు ఉన్న సైట్‌లో ఆరేళ్ళలోపు పిల్లలకి గది ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాశారు. 2025 నవంబర్‌లో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది, అర్జీలో రాసేముందు అందులో చూసుకోండి. అక్కడ ఆడవాళ్ళు ఎంతమందో మెల్లగా లెక్కపెట్టండి. మీ షీట్‌లో ఇంకో కాలమ్ పెట్టండి.

లెక్కల మాస్టారు

నెహెమ్యా రాత్రిపూట గోడలు చూసుకున్నట్టు.

చిలకలగూడ తమ్ముడు

అక్కా, ఇవన్నీ సరే, నేను మాత్రం ఇప్పటికీ ఒకరోజు మీరు మానేయాలనే అంటాను. శనివారం ఒక్కరోజుతో ఇది అయ్యే పని కాదు. ఇప్పుడు పని ఇంకా పెరిగింది కదా.

గోల్కొండ క్రాస్‌రోడ్స్

తమ్ముడితో నేనున్నాను.

మెట్టుగూడ రైలుబండి

వాళ్ళాయన బండి తీశారంటే మాట ఎంత దూరం వెళ్ళిందో చూడు తమ్ముడూ. ఇద్దర్నీ తీరిగ్గా మాట్లాడుకోనియ్యి.

నల్లగండ్ల సిస్టర్

సైట్ ప్రాజెక్ట్ మేనేజర్‌ని కలవడానికి టైమ్ అడిగాం, వచ్చే బుధవారం ఇచ్చారు. గది కోసం అర్జీ రాస్తున్నాను. అమ్మమ్మగారూ, బుధవారం పదకొండింటికి మాకోసం ప్రార్థన చేయండి. ఈసారి ఆ మాట నేనే అడుగుతున్నాను. కాలుతో పాటు గొంతు కూడా వణికేలా ఉంది.

బొల్లారం అమ్మమ్మ

చేస్తా. నువ్వు మాత్రం కుర్చీ చూపించినా కూర్చోకు, పని అడిగాక కూర్చో.

కాగితాలాయన

అర్జీ రెండు కాపీలు తీయండి. ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోండి. సంతకం పెట్టనంటే వాదించకుండా వచ్చేసి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. డ్రాఫ్ట్ ఇక్కడ పెడితే ఈ రాత్రికే చూస్తాను.